చలి మొదలవగానే పనులన్నీ ఒక్కసారే మీద పడతాయి. మీ ఇళ్ళల్లో వీటిని గుర్తుపెట్టుకునేది ఎవరు?

తెల్లకాగితం
గత సోమవారం చలి మొదలైంది. ముందు రోజు రాత్రి దాకా ఫ్యాన్ వేసుకునే పడుకున్నాం, పొద్దున ఆరున్నరకి కిటికీ తీస్తే ఒళ్ళు జిల్లుమంది. హడావిడిగా అటక మీద నుంచి పెట్టె దింపాను. పెద్దదాని స్వెటర్ చేతులు మణికట్టుకి నాలుగు వేళ్ళు పైకి ఎక్కిపోయాయి. చిన్నోడి జాకెట్ జిప్ సగంలో బిగుసుకుపోయింది. వాడి ఏడుపు, దీని అలక, బయట బడి బస్సు హారన్. ఆ గొడవలో మా ఆయన అన్న మాట: "ముందే చెబితే ఆదివారం నేను తెచ్చేవాణ్ణి కదా."

ఆ మాట వారం నుంచీ నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. ఆయన మంచివాడే. చెప్పిన పని కాదనడు, పిల్లల్ని చూసుకుంటాడు. కానీ చెప్పాలి. ఏ నెలలో ఏం రావాలో, ఎవరికి ఏది పొట్టిదైందో, దుప్పట్లు ఎప్పుడు ఎండలో వేయాలో, అత్తయ్యగారికి ఫ్లూ టీకా ఎప్పుడు వేయించాలో, హీటర్ ఎవరికి చూపించాలో, మేడ మీద నీళ్ళు దిగే గొట్టంలో ఆకులు ఎప్పుడు తీయించాలో, అన్నీ నా బుర్రలోనే తిరుగుతుంటాయి. ఎండాకాలంలో ఇంత ఉండదు. ఈ రెండు నెలల్లోనే అన్నీ కట్టగట్టుకుని వస్తాయి. పైగా ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి. వెలుతురులో చేయాల్సిన పనులన్నీ ఆదివారానికి పోగవుతాయి.

మీరెలా నెట్టుకొస్తున్నారు? లిస్టు రాసుకోమని చెప్పకండి, లిస్టు ఉంది. రాసేది కూడా నేనే.

ఊలుబంతి
చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

ఇద్దరి_నాన్న
కోపం తెచ్చుకోకుండా వినండి. చెప్పమనడంలో తప్పేముంది? మా ఇంట్లోనూ నేను అదే అంటాను. నాకు తెలియని పని నేనెలా చేస్తాను? ఆఫీసులో కూడా ఎవరి పని ఏమిటో ఒకరు చెబితేనే కదా జరిగేది. మీ ఆయన చేయనంటే తప్పు, అడిగితే చేస్తానన్న మనిషిని తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు.

పెరటితలుపు
నాన్నగారూ, ఆఫీసులో అలా చెప్పేవాళ్ళకి ఆ పనికే జీతం ఇస్తారు. అది కూడా ఒక పని అని అక్కడ అందరూ ఒప్పుకుంటారు. ఇంట్లోనే అది లెక్కలోకి రాదు.

నా పెళ్ళై ముప్పై ఏళ్ళు దాటింది. మొదటి పదిహేనేళ్ళు తెల్లకాగితం రాసినట్టే గడిచాయి. ఒక ఏడాది ఈ రోజుల్లోనే టైఫాయిడ్‌తో మంచం పట్టాను. మూడు వారాలు. మా ఆయన వంట చేశారు, బట్టలు ఉతికారు, ఏ లోటూ రానివ్వలేదు. కానీ రోజుకి ఇరవైసార్లు మంచం దగ్గరికి వచ్చి అడిగేవారు. దుప్పట్లు ఎక్కడున్నాయి, పాప సాక్సులు ఏ అరలో, డాక్టరు దగ్గరికి ఏ రోజు. జ్వరంలో కళ్ళు మూసుకుని పడుకుని కూడా ఇల్లంతా నేనే నడిపాను. చేతులు మాత్రమే ఆయనవి. లేచాక ఆయనతో ఒకటే అన్నాను, నాకు సాయం వద్దు, పని తీసుకోండి అని. ఆ రెంటికీ ఉన్న తేడా ఆయనకి అర్థం కావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది, అది వేరే కథ.

ఇద్దరి_నాన్న
"సాయం వద్దు, పని తీసుకోండి" అంటే? నిజంగానే అడుగుతున్నాను.

పెరటితలుపు
ఉదాహరణకి చలిబట్టలు. సాయం అంటే నేను సైజు చెప్పి, రంగు చెప్పి, ఎప్పుడు వెళ్ళాలో చెప్పి, మీరు వెళ్ళి కొనుక్కురావడం. పని తీసుకోవడం అంటే, చలి రాకముందే మీరే పెట్టె దింపి, పిల్లలకి ఒక్కొక్కటీ తొడిగి చూసి, ఏది పొట్టిదైందో, ఏది తమ్ముడికి వస్తుందో, ఏది ఇచ్చేయాలో తేల్చి, లేనిది తెచ్చి, చలి పోయాక ఉతికి లోపల పెట్టడం. ఏడాదంతా చలిబట్టలు అనే మాట నా తలలోకి రాకూడదు.

సీతాకోక
పెరటితలుపు ఆంటీ చెప్పిన తేడా మీద పరిశోధన కూడా ఉంది. నేను చదువుతున్నది సామాజిక శాస్త్రం కాబట్టి చెప్పగలను. ఆలిసన్ డామింగర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 35 జంటలతో, అంటే 70 మందితో విడివిడిగా మాట్లాడి 2019లో ఒక వ్యాసం ప్రచురించారు. ఇంటిపని వెనక ఉండే ఆలోచనని ఆవిడ నాలుగు భాగాలుగా చూశారు. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, ఏం చేయొచ్చో దారులు వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, ఆ తర్వాత అది జరిగిందా లేదా అని కనిపెట్టుకుని ఉండడం. నిర్ణయం దగ్గర భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుంటారు. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతున్నాయని ఆవిడ గమనించారు.

అందుకే "మేమిద్దరం కలిసే అన్నీ నిర్ణయిస్తాం" అనే ఇంట్లో కూడా ఒకరే అలసిపోతుంటారు. సోమవారం పొద్దున తెల్లకాగితం గారి ఇంట్లో జరిగింది కూడా మొదటి భాగం తప్పిపోవడమే. పసిగట్టాల్సిన ఒక్క మనిషి ఈసారి పసిగట్టలేదు, ఇంకెవరికీ ఆ ఆలోచనే లేదు.

కొత్తకాపురం
అయ్యో, పెళ్ళై ఆరు నెలలే అయింది నాకు. ఈ చర్చ మా ఆయనకి ఇప్పుడే పంపించాను.

ఊలుబంతి
తెల్లకాగితం అక్కా, పెద్ద విషయం పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు కాబట్టి నేను చిన్నది చెబుతాను. బిగుసుకున్న జిప్ మీద మామూలు పెన్సిల్ ములుకు రెండువైపులా పళ్ళ మీద బాగా రుద్దు. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ నూనెలా జారుతుంది. మెల్లగా కిందికీ పైకీ లాగు. ఆ నల్లపొడి చొక్కాకి అంటకుండా తర్వాత గుడ్డతో తుడిచేయి.

తెల్లకాగితం
చేశాను. ఐదు నిమిషాల్లో కదిలింది! చిన్నోడు ఇప్పుడు ఇంట్లో జిప్‌లన్నిటికీ పెన్సిల్ పట్టుకుని తిరుగుతున్నాడు.

పాతసైకిల్
నేను రిటైరై నాలుగేళ్ళు. పిల్లలు దూరంగా ఉన్నారు, ఇంట్లో మేమిద్దరమే. మాకు పనులు తగ్గాయి గానీ చీకటి బాధ తగ్గలేదు. ఐదున్నరకే దీపాలు వేయాల్సి వస్తుంటే మనసు దిగులుగా ఉంటుంది. రోజు ఇంత త్వరగా కుంచించుకుపోవడం నా భ్రమా, నిజమా?

గడియారంముల్లు
నిజమే బాబాయ్. ఉత్తరార్ధగోళంలో సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉంటాయి. పగలు తగ్గే వేగం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. డిసెంబర్‌లో పగలు అన్నిటికన్నా చిన్నదే అయినా, అప్పుడు రోజుకీ రోజుకీ తేడా పెద్దగా తెలియదు. ఇప్పుడు మాత్రం వారం తిరిగేసరికి తెలిసిపోతుంది. భూమధ్యరేఖకి ఎంత దూరంగా ఉంటే ఆ తేడా అంత ఎక్కువ. కొన్ని దేశాల్లో ఇది చాలదన్నట్టు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అక్కడ సాయంత్రం ఒక్క రోజులో మాయమైపోతుంది.

నిద్రలేమి
దిగులు సంగతి తేలిగ్గా తీసుకోకండి బాబాయ్. నేను ఆసుపత్రిలో నర్సుని. పగలు తగ్గే నెలల్లో మొదలై వెలుతురు పెరిగాక తగ్గే డిప్రెషన్ ఒకటుంది. నార్మన్ రోసెంథాల్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు 1984లో దాన్ని సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అనే పేరుతో వివరించారు. నిద్ర ఎక్కువవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకి చెప్పాలి. చికిత్సలో 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దీపం ముందు పొద్దున అరగంట కూర్చోబెట్టడం కూడా ఒక పద్ధతి. అది డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి.

మామూలు దిగులైతే పొద్దున్నే బయట నడవండి. మబ్బుగా ఉన్నా బయట వెలుతురు వేల లక్స్‌లలో ఉంటుంది, మన హాల్లో ట్యూబులైటు కింద కొన్ని వందలు ఉంటే గొప్ప.

పాతసైకిల్
చాలా ఉపయోగపడే మాట చెప్పావమ్మా. సాయంత్రం నడకని రేపటి నుంచి పొద్దుటికి మారుస్తాను.

ఒక్క సందేహం. ఈ రోజుల్ని చాలామంది శరదృతువు అంటారు, ఆకులు రాలే కాలం అంటారు. మన లెక్కలో ఆశ్వయుజం, కార్తీకం శరత్తు. అది వెన్నెల కాలం. ఆకురాలేది మాఘం, ఫాల్గుణంలో వచ్చే శిశిరం కదా?

సీతాకోక
ఇంగ్లీషులో ఆటమ్ అనే కాలాన్ని తెలుగులో శరత్తు అని రాయడం అలవాటైపోయింది తాతగారూ. చల్లటి దేశాల్లో ఆకులు రాలేది ఈ నెలల్లోనే. రెండు పేర్లూ రెండు చోట్లా సరిపోవు. నేనైతే "చలి ముందు కాలం" అనుకుంటాను.

పాతసైకిల్
తాతగారు ఏమిటమ్మా, పైన అబ్బాయి బాబాయ్ అన్నాడు. అది బాగుంది.

సీతాకోక
సరే బాబాయ్ :)

చిరుగాలి
ఆకుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నేనూ, అన్నయ్య, వదిన, నాన్నగారు ఒకే ఇంట్లో ఉంటాం. క్రితం ఏడాది ఇదే రోజుల్లో వాకిట్లో మెట్ల దగ్గర బల్బు పోయింది. నేను చూశాను. అన్నయ్య చూశాడు. వదిన చూసింది. నాన్నగారు కూడా "బల్బు పోయిందిరా" అని ఒకసారి అన్నారు. వేసవిలో అయితే ఏడు దాకా వెలుతురు ఉండేది కాబట్టి ఆ బల్బుతో పని ఉండేది కాదు. ఇప్పుడు నాన్నగారు నడక నుంచి వచ్చే వేళకి మసక చీకటి. పది రోజులు అలాగే ఉంది. ఒక్కొక్కరం ఇంకొకరు మారుస్తారనే అనుకున్నాం.

పదకొండో రోజు సాయంత్రం సన్నగా చినుకులు పడ్డాయి. రెండో మెట్టు మీద రాలిన ఆకులు నాని, రాతికి అతుక్కుపోయి ఉన్నాయి. తడి ఆకు ఎంత జారుతుందో కాలు పెడితే గానీ తెలియదు. నాన్నగారు కాలు పెట్టారు. నేను లోపల ఫోన్ చూసుకుంటున్నాను. చప్పుడు విని బయటికి వస్తే, ఆయన మెట్ల పక్కన కూర్చుని, లేవడానికి చేయి ఆనించి, లేవలేక మళ్ళీ కూర్చుంటున్నారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, మూడు నెలలు మంచం, ఆ తర్వాత చేతికర్ర. ఇప్పుడు నడుస్తున్నారు. సాయంత్రం నడకకి మాత్రం వెళ్ళడం లేదు.

కొత్త బల్బు అల్మారాలోనే ఉంది. కొని తెచ్చింది కూడా నేనే.

మా ఇంట్లో ఎవరికీ పని తెలియక కాదు. అందరికీ తెలుసు. అది ఎవరి పనో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే ఇద్దరి_నాన్న గారు పైన "తెలియని పని ఎలా చేస్తాను" అంటే నాకు ఏదోలా అనిపించింది. మిమ్మల్ని అనడం లేదు. నన్ను నేనే అనుకుంటున్నాను.

ఇద్దరి_నాన్న
చదివాను తమ్ముడూ. నాన్నగారు జాగ్రత్త. జవాబు ఆలోచించుకుని రాస్తాను.

పెరటితలుపు
నాయనా, అది నీ ఒక్కడి తప్పు కాదు. ఇలా రాయడానికి ధైర్యం కావాలి. ఇది చదివి ఈ రాత్రి కనీసం నాలుగిళ్ళల్లో బల్బు మారుస్తారు.

కొత్తకాపురం
ఐదు. మా మెట్ల దగ్గరది ఇప్పుడే మార్పించాను.

నిద్రలేమి
చిరుగాలి గారూ, నాన్నగారిని ఎవరో ఒకరు తోడుండి రోజూ కాసేపు నడిపించండి. పడ్డ భయంతో నడక మానేస్తే కండరాలు బలహీనపడి మళ్ళీ పడే ప్రమాదం పెరుగుతుంది. మెట్లకి పట్టుకునే కమ్మీ, జారని చెప్పులు, రాత్రి బాత్‌రూమ్ దారిలో చిన్న దీపం. ఒకసారి కళ్ళు కూడా పరీక్ష చేయించండి, చాలామంది పెద్దవాళ్ళకి మసక వెలుతురులో మెట్టు అంచు కనిపించదు.

ఇంకొకటి. ఈ చర్చలో ఎవరో హీటర్ అన్నారు. గ్యాసు, కిరోసిన్, బొగ్గు, ఏది మండే హీటరైనా తలుపులన్నీ మూసి వాడకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ఒకసారి మా దగ్గరికి ఒక కుటుంబం మొత్తం తలనొప్పి, వాంతులతో వచ్చింది. అందరికీ ఫ్లూ అనుకున్నారు. బయటి గాలిలోకి రాగానే కాస్త తేరుకున్నామని వాళ్ళు చెప్పడంతో అనుమానం వచ్చింది. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతోందంటే వెంటనే హీటర్ ఆపి, అందరూ బయటికి వచ్చేయాలి. మొదటి చలి రోజుకి ముందే హీటర్ చూపించుకోవాలి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉన్నవాళ్ళు నెలకోసారి బటన్ నొక్కి మోగుతుందో లేదో చూసుకోండి.

తెల్లకాగితం
ఇది చదివి హీటర్ పని మొదటికి తెచ్చాను. అత్తయ్యగారి టీకా సంగతి కూడా చెబుతారా? చలి బాగా ముదిరాక వేయిస్తే సరిపోతుందని మా ఆడపడుచు అంటోంది.

నిద్రలేమి
ముదిరే దాకా ఆగకండి. ఫ్లూ టీకా వేశాక రక్షణ రావడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏ ఏడాదిది ఆ ఏడాదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికి ఒకసారి, దక్షిణార్ధగోళానికి ఒకసారి, ఏ రకాలకి టీకా తయారుచేయాలో సూచిస్తుంది. పిల్లలకి 6 నెలలు నిండాక వేయొచ్చు. అత్తయ్యగారికి వేరే జబ్బులు, అలర్జీలు ఉంటే వాళ్ళ డాక్టరుతో ఒకమాట.

ఊలుబంతి
చలిబట్టల పెట్టె తీసినవాళ్ళందరూ ఒకసారి చిన్న చిన్న కన్నాలు ఉన్నాయేమో వెలుతురుకి పట్టి చూడండి. మా అమ్మమ్మ అల్లిన శాలువా ఒకటి నా దగ్గర ఉంది. పోయిన ఏడాది విప్పితే మధ్యలో కందిగింజంత కన్నాలు, మడత పొడుగునా వరసగా. చేత్తో పట్టుకుంటే అంచు పొడిలా రాలింది. ఆ రోజు ఏడ్చాను.

తర్వాత చదివి తెలుసుకున్నది ఇది. బట్టల చిమ్మట ఎగిరేటప్పుడు ఏమీ తినదు. దాని పిల్లపురుగులు తింటాయి. ఊలులో, పట్టులో ఉండే ప్రోటీన్ వాటి తిండి. ఉతకని బట్ట అంటే మరీ ఇష్టం, చెమట, మరకలు వాటికి బలం. అందుకే లోపల పెట్టేముందు ఉతికి, పూర్తిగా ఆరనిచ్చి, గాలి చొరని సంచిలో పెట్టాలి. పురుగు ఉందని అనుమానం ఉంటే సంచిలో మూటగట్టి డీప్ ఫ్రీజర్‌లో, మైనస్ 18 డిగ్రీల దగ్గర, 2 వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి.

కొత్తకాపురం
నాఫ్తలీన్ ఉండలు వేస్తే సరిపోదా అక్కా?

నిద్రలేమి
ఊలుబంతి గారికి బదులు నేను చెబుతాను. పసిపిల్లల బట్టల్లో మాత్రం వేయకండి. జి6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకి ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి రక్తహీనత, కామెర్లు రావచ్చు. చాలామందికి ఆ లోపం ఉన్నట్టే తెలియదు. పెద్దవాళ్ళ బట్టలైనా మూసిన గదిలో ఎక్కువ వేయకూడదు, పిల్లల చేతికి అసలు అందకూడదు.

గడియారంముల్లు
చలికి తలుపులు మూసి బట్టలు ఇంట్లో ఆరేసేవాళ్ళకి ఒకమాట. ఒక్క ఉతుకు బట్టలు ఆరేసరికి దాదాపు 2 లీటర్ల నీరు గాలిలో కలుస్తుంది. అది వెళ్ళి చల్లటి గోడ మీద చెమ్మగా దిగుతుంది, అల్మారా వెనక నల్లగా బూజు పడుతుంది. బట్టలు ఆరేసిన గదికి కిటికీ కొంచెం తెరిచి, లోపలి తలుపు మూసేయండి. చలి వస్తుందని అందరూ దీనికి ఉల్టా చేస్తారు.

అలాగే బండి టైర్లు. చలికి గాలి పీడనం తగ్గుతుంది, దాదాపు ప్రతి 6 డిగ్రీల సెల్సియస్‌కి ఒక పీఎస్ఐ చొప్పున. వేసవిలో నింపిన గాలి ఇప్పుడు చాలదు.

తెల్లకాగితం
అన్నీ బాగున్నాయి, అన్నీ చేస్తాను. కానీ ఒకటి గమనించారా? నేను బరువు దించుకుందామని వచ్చాను. టైర్లు, బూజు, పురుగు, అలారం, మెట్లు అని నా లిస్టులో ఇంకో ఐదు చేరాయి. ఆ ఐదూ ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

సీతాకోక
ఇది నాకు తట్టనే లేదు. నిజం.

పెరటితలుపు
అయితే ఈ ఆదివారం ఇద్దరూ కూర్చోండి. ముందు నీ బుర్రలో ఉన్నదంతా కాగితం మీద పెట్టు, పెద్దదీ చిన్నదీ అని చూడకు. తర్వాత ఆయన్ని ఎంచుకోమను. ఎంచుకున్నది మొదటి నుంచి చివరి దాకా ఆయనదే. నువ్వు మధ్యలో గుర్తు చేయకూడదు. కష్టమంతా అక్కడే. ఆలస్యమైతే కానివ్వు, ప్రాణం మీదికి రానిది ఏదైనా ఆలస్యం కావచ్చు. టీకా, హీటర్, మెట్లు మాత్రం తేదీ వేసుకోండి, వాటిలో ప్రయోగాలు వద్దు.

ఇద్దరి_నాన్న
పెరటితలుపు గారూ, ఒక ఇబ్బంది చెబుతాను. నేను ఒకసారి ఇలాగే పిల్లల బట్టలు మడతపెట్టే పని తీసుకున్నాను. నేను మడిచినవి మా ఆవిడ విప్పి మళ్ళీ మడిచింది. రెండోసారీ అంతే. మూడోసారి నేను మానేశాను. దీనికేమంటారు?

పెరటితలుపు
ఆవిడ అలా చేయకుండా ఉండాల్సింది. మీరు మానేయకుండా ఉండాల్సింది.

ఊలుబంతి
నేను కొంచెం విభేదిస్తాను. నచ్చినట్టు లేకపోయినా ఊరుకో అనడం అన్నిసార్లూ కుదరదు. బయట మనుషులు మాట అనేది భార్యనే. పిల్లాడు చిరిగిన స్వెటర్‌తో బడికి వెళ్తే "వాళ్ళమ్మ చూసుకోదా" అంటారు, "వాళ్ళ నాన్న" అనరు. ఆ భయం మా వేళ్ళల్లో ఉంటుంది, అందుకే విప్పి మళ్ళీ మడుస్తాం.

ఇద్దరి_నాన్న
ఇది నేనెప్పుడూ ఆ వైపు నుంచి చూడలేదు.

తెల్లకాగితం
పదిహేను రోజులైంది. ఏం జరిగిందో చెబుతాను.

ఆదివారం కూర్చున్నాం. కాగితం రెండు వైపులా నిండింది. మా ఆయన మొదట నవ్వుతూ చదివాడు, వెనక్కి తిప్పాక నవ్వలేదు. "ఇవన్నీ ఎప్పటి నుంచి నీ తలలో ఉన్నాయి" అని అడిగాడు. నాకు జవాబు రాలేదు, గొంతు పట్టేసింది. చలిబట్టలు, బండి, మేడ మీద గొట్టం, హీటర్ ఆయన తీసుకున్నాడు. అత్తయ్యగారి టీకా కూడా. "మా అమ్మకి నేను వేయించాలి కదా" అన్నాడు. ఆ మాట నేను అడిగి అనిపించుకున్నది కాదు.

హీటర్ రెండు రోజుల్లో అయిపోయింది. టీకా తర్వాతి వారం. గొట్టం సంగతి వారం దాకా కదల్లేదు. నేను రోజూ మేడ మీదికి చూసి కిందికి దిగొచ్చేదాన్ని, నోరు తెరవలేదు. పెరటితలుపు అత్తా, అది ఎంత కష్టమో మీకే తెలియాలి. తొమ్మిదో రోజు రాత్రి వాన పడింది. ఆయన టార్చి పట్టుకుని పైకి వెళ్ళి, నల్లగా ముద్దైన ఆకులు బకెట్ నిండా తీసుకొచ్చాడు. తడిసి ముద్దై వచ్చి, "దీనికి వానాకాలం అయిపోగానే ఒక రోజు, ఆకులు రాలడం ఆగాక ఒక రోజు, ఏడాదికి రెండుసార్లు పెట్టుకోవాలి" అన్నాడు. తన ఫోన్‌లో తేదీలు తనే వేసుకున్నాడు.

చలిబట్టల్లో ఒక నష్టం జరిగింది. అత్తయ్యగారి ఊలు స్వెటర్‌ని వేడినీళ్ళలో మెషిన్‌లో వేశాడు. అట్టలా బిగుసుకుపోయి సగమైంది. అరిచేదాన్నే. ఊలుబంతి రాసిన మాట గుర్తొచ్చి, ఎవరేమంటారో అనే కదా నా కోపం అనుకుని, వంటగదిలోకి వెళ్ళిపోయాను. ఆయనే వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్ళి చూపించి, నేనే పాడుచేశానని చెప్పాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నోడిని పిలిచి తొడిగింది. సరిగ్గా సరిపోయింది.

ఊలుబంతి
అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పు. ఊలు అలా ముద్దైతే మళ్ళీ వదులు కాదు, దారాల మీది పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోతాయి. ఇకమీదట చల్లటి నీళ్ళు, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరేయమను. దండెం మీద వేస్తే సాగుతుంది.

చిరుగాలి
మా ఇంట్లో కూడా పేర్లు రాసుకున్నాం. వాకిలి, మెట్లు, దీపాలు నావి. రోజూ పొద్దున ఊడుస్తున్నాను. నిన్న సాయంత్రం నాన్నగారు నా చేయి పట్టుకుని మలుపు దాకా వచ్చారు.

పాతసైకిల్
చాలా సంతోషం నాయనా. ఆ ఊడ్చిన ఆకులు తగలబెట్టకు. మూల ఒక గుట్ట వేసి తడిపి ఉంచు, అప్పుడప్పుడు తిరగెయ్యి. ఏడాది, రెండేళ్ళలో నల్లటి మెత్తటి మట్టి అవుతుంది, కుండీల్లోకి బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇద్దరి_నాన్న
ఆలోచించుకుని రాస్తానన్నాను కదా. మొన్న రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆవిడని అడిగాను, నీ తలలో ఏమేం ఉన్నాయో చెప్పు, నేను రాస్తాను అని. నలభై నిమిషాలు చెప్పింది. నేను మధ్యలో మాట్లాడలేదు. చలికాలం బూట్లు దగ్గర "పాపకి ఏ సైజు" అని అడగబోయి ఆగాను. నా కూతురికి ఎనిమిదేళ్ళు. దాని కాలి సైజు నాకు తెలియదు.

బూట్లు నేను తీసుకున్నాను. ఇద్దరివీ. ఇప్పటి నుంచి ఎప్పటికీ. ఎలా కొలవాలో ఎవరైనా చెప్పండి. ఆవిడని అడగదలుచుకోలేదు.

పెరటితలుపు
కాగితం మీద నిలబెట్టి, మడమ గోడకి ఆనించి, పొడుగ్గా ఉన్న వేలి చివర గీత పెట్టండి. రెండు కాళ్ళూ కొలవండి, ఒకేలా ఉండవు, పెద్దదాని లెక్క తీసుకోండి. ముందువైపు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

నిద్రలేమి
సాయంత్రం కొలవండి, పాదం పొద్దుటికన్నా కాస్త ఉబ్బి ఉంటుంది. చలికాలం వేసుకునే మందపాటి సాక్సులు తొడిగే కొలవండి.

ఇద్దరి_నాన్న
కొలిచాను. ఎడమది పెద్దది.